రిజిస్టరుకెక్కని ప్రాణాలు

మన సంఘం ప్రత్యేక సంచికకు ఏదైనా రాసివ్వమని కార్యదర్శిగారు ఫోను చేసినప్పుడు, "డి.ఏ. బకాయిల మీద, వైద్య బిల్లుల మీద రాసేవాళ్లు చాలామందే ఉన్నారండీ. మీరు మీ ఉద్యోగం తాలూకు సంగతి, కాస్త చరిత్రలా ఉండేది రాయండి" అన్నారు. సరేనన్నాను గాని, నా ఉద్యోగంలో చరిత్ర ఏముంటుంది? 1978లో చేపల లెక్కలు కట్టే ఒక ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా చేరి, 33 ఏళ్లు ఆ లెక్కల మధ్యే ఉండి, 2011లో రిటైరయ్యాను. ట్రెజరీ, రెవెన్యూ, విద్యాశాఖ మిత్రులు ఎందరో మన సంఘంలో ఉన్నారు. అందరం రిజిస్టర్లతో కాపురం చేసినవాళ్లమే. అందుచేత రిజిస్టరు కథే చెబుతాను. అయితే ఇందులో ఎక్కువ భాగం మన ఊరిలో జరిగినది కాదు, పసిఫిక్ మహాసముద్రంలోను, అంటార్కిటికా వైపు సముద్రాలలోను జరిగినది. అది నాకెందుకు పట్టిందో చెప్పాలంటే ముందు 1983 నాటి ఒక ఉదయం సంగతి చెప్పాలి.

అప్పట్లో ఉత్తరాంధ్ర తీరంలోని ఒక రేవులో నాకు డ్యూటీ. తెల్లవారుజామున పడవలు ఒడ్డుకు చేరే వేళకు వెళ్లి, ఏ పడవకు ఏ చేప ఎన్ని కిలోలు పడిందో ఫారంలో రాసుకోవాలి. ఆ రోజు నైలాన్ వలల పడవ ఒకటి ఆలస్యంగా వచ్చింది. పడవ యజమాని పెద్దవాడు, నన్ను బాగా ఎరిగినవాడు. "ఏం తాతా, ఆలస్యమయింది?" అన్నాను. "రేత్రి వలకి డాల్ఫిన్లు తగిలినాయి బాబూ. తల్లీ, పిల్లా. పైకి రాలేక ఊపిరాడక సచ్చిపోనాయి. వల కోసి వదిలేసినాం. ఏటి సేస్తాం?" అన్నాడు. వల పోయిందన్న బాధ కంటె ఆ రెండూ చచ్చిపోయాయన్న బాధే అతని గొంతులో ఎక్కువగా వినిపించింది.

నేను ఫారం అడుగున వ్యాఖ్యల గడిలో "డాల్ఫిన్లు 2, వలలో చిక్కి మృతి" అని రాశాను. సాయంత్రం మా పైఅధికారి ఆ ఫారం చూసి, "ఇదేమిటయ్యా? దీనికి కోడు నంబరు లేదు, కాలమ్ లేదు. కాలమ్ లేనిది ఎందుకు రాస్తావు? రేపు పైనుంచి ప్రశ్న వస్తే ఎవరు జవాబు చెబుతారు?" అన్నారు. ఆయన చెడ్డవారు కారు. ఫారం ఎలా ఉంటే అలా నింపాలన్నది ఆయన నేర్చుకున్న పద్ధతి. నేను కొత్తవాణ్ణి, ఇద్దరు పిల్లల తండ్రిని. "సరే సార్" అని ఆ ముక్క కొట్టేశాను. ఆ తరువాత అలాంటి మాట ఎవరు చెప్పినా విన్నాను గాని రాయలేదు. నెలవారీ నివేదికలో "ఇతరములు" అన్న చోట ఒక గీత పెట్టేవాళ్లం. జిల్లా నివేదికకు వెళ్లేసరికి ఆ గీత సున్నా అయ్యేది.

గీత వేరు, సున్నా వేరు. తెలియదు అనడం వేరు, లేదు అనడం వేరు. ఈ తేడా ఎంత పెద్దదో నాకు తరువాతి రోజుల్లో, ఆఫీసు లైబ్రరీకి వచ్చే పత్రికలు తిరగేస్తుంటే తెలిసివచ్చింది. రిటైరయ్యాక మనవరాలి సాయంతో మరికొంత చదివాను. ఆ చదివినదే ఇక్కడ మనవి చేస్తున్నాను.

ట్యూనా వెంట డాల్ఫిన్లు

మధ్య అమెరికాకు పడమరగా, పసిఫిక్ మహాసముద్రపు తూర్పు భాగంలో ఒక విచిత్రం ఉంది. పచ్చరెక్కల పెద్ద ట్యూనా చేపలు డాల్ఫిన్ల గుంపుల కింద కలిసి ఈదుతూ పోతాయి. డాల్ఫిన్ చేప కాదు. మనలాగే పిల్లలకు పాలిచ్చే జంతువు, నీటిపైకి వచ్చి ఊపిరి పీల్చుకోవాలి. కనుక దూరానికి కూడా కనిపిస్తుంది. డాల్ఫిన్లు ఎగిరే చోట కింద ట్యూనా ఉంటుందని జాలర్లకు తెలుసు. పూర్వం అక్కడ కర్రలకు గాలాలు కట్టి ఒక్కొక్క చేపనే పట్టేవారు కనుక డాల్ఫిన్లకు ఇబ్బంది ఉండేది కాదు.

1950ల చివర నైలాన్ వలలు, వలను పైకి లాగే యంత్రపు కప్పీ వచ్చాయి. దాంతో పద్ధతి మారిపోయింది. వేగపు పడవలతో డాల్ఫిన్ల గుంపును తరిమి, ఒకచోటికి చేర్చి, చుట్టూ కిలోమీటరుకు పైగా పొడవున్న రింగు వల వేసి, అడుగున తాడు బిగించేవారు. మన తీరంలో కూడా రింగు వలలున్నాయి గాని ఇవి వాటికి ఎన్నో రెట్లు పెద్దవి. లోపల ట్యూనాతోపాటు డాల్ఫిన్లూ చిక్కుకొని, వల మడతల్లో ముక్కులు ఇరుక్కొని, పైకి రాలేక చచ్చిపోయేవి. ఆ కళేబరాలను తిరిగి సముద్రంలో పారేసేవారు. ఒడ్డుకు చేరేది ట్యూనా ఒక్కటే. ఒడ్డున ఉండే గుమాస్తా రాసేదీ ట్యూనా ఒక్కటే.

అందువల్ల సుమారు పదేళ్లపాటు ఈ సంగతి బయటి ప్రపంచానికి తెలియనే లేదు. 1960లలో విలియం పెర్రిన్ అనే యువ శాస్త్రజ్ఞుడు ట్యూనా ఓడ ఎక్కి, తాను కళ్లారా చూసినది పత్రికలలో రాశాడు. అప్పటికి ఏడాదికి లక్షల సంఖ్యలో డాల్ఫిన్లు చస్తున్నాయని తరువాతి అంచనాలలో తేలింది. మొదటినుంచీ లెక్క కడితే మొత్తం 60 లక్షలకు పైమాటే అని అమెరికా ప్రభుత్వ శాస్త్రజ్ఞుల అంచనా. చేపల వేట వల్ల సముద్రపు క్షీరదాలు ఇంతగా నశించడం మరెక్కడా నమోదు కాలేదు.

పెర్రిన్ వంటివారు రాసినదాని ఫలితంగా ప్రజలలో ఆందోళన వచ్చింది. 1972 అక్టోబరులో అమెరికాలో సముద్ర క్షీరదాల రక్షణ చట్టం వచ్చింది. వేటలో అనుకోకుండా జరిగే చావులను దాదాపు సున్నాకు దించాలని ఆ చట్టం లక్ష్యంగా పెట్టుకుంది. దానితోపాటు అమెరికా ట్యూనా ఓడలపై ప్రభుత్వ పరిశీలకులను పంపడం మొదలయింది.

ఓడ మీద ఒక గుమాస్తా

ఈ పరిశీలకుడి ఉద్యోగం ఏమిటో మన మిత్రులకు సులువుగా బోధపడుతుంది. అతను వేటగాడు కాడు, పోలీసు కాడు. వల వేసిన ప్రతిసారీ ఎన్ని డాల్ఫిన్లను చుట్టుముట్టారు, ఏ జాతివి, ఎన్ని ప్రాణాలతో బయటపడ్డాయి, ఎన్ని చచ్చాయి, ఎన్ని గాయపడ్డాయి, వలలో లోపమేమిటి, అప్పటి గాలీ, ప్రవాహమూ ఎలా ఉన్నాయి అన్నవి ఫారాలలో నింపాలి. నెలల తరబడి అదే ఓడలో తిండి, అదే ఓడలో పడక. తాను ఎవరి తప్పులు రాయాలో వాళ్ల మధ్యే బతకాలి.

ఆ రాతల వల్ల ఒక ముఖ్యమైన సంగతి బయటపడింది. చావులన్నీ అన్ని వలలలోనూ సమానంగా జరగడం లేదు. చీకటిపడ్డాక వల లాగినప్పుడు, వల ముడుచుకుపోయినప్పుడు, కెప్టెనుకు అనుభవం చాలనప్పుడు ఒక్కసారిగా ఎక్కువ చచ్చేవి. కనుక నివారణ మార్గం ఓడవాళ్ల చేతిలోనే ఉంది.

ఆ మార్గాన్ని జాలర్లే కనిపెట్టారు కూడాను. ట్యూనా లోపల ఉండగానే ఓడను వెనక్కి నడిపితే వల అవతలి అంచు నీటిలోకి దిగుతుంది. డాల్ఫిన్లు ఆ అంచుమీదుగా జారి బయటపడతాయి. ఆ అంచు దగ్గర డాల్ఫిన్ల ముక్కులు ఇరుక్కోకుండా సన్నకన్నుల వలముక్కను కుట్టే పద్ధతిని హెరాల్డ్ మెడీనా అనే కెప్టెను 1971లో తెచ్చాడు. దానిని ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు. కళాసీలు నీళ్లలో దిగి డాల్ఫిన్లను చేతులతో పట్టి వల దాటించడం కూడా పద్ధతుల్లో ఒకటి. 1981 నుంచి అమెరికా ఓడలన్నిటికీ కలిపి ఏడాదికి 20,500 డాల్ఫిన్లకు మించి చావకూడదని పరిమితి పెట్టారు.

అయితే నిబంధనలు అమెరికా ఓడలకే వర్తించాయి. క్రమంగా ఇతర దేశాల జెండాలతో తిరిగే ఓడలు పెరిగాయి. 1986లో అన్ని దేశాల ఓడలవీ కలిపి సుమారు 1,33,000 డాల్ఫిన్లు చచ్చాయని అంచనా. 1987లో శామ్ లబడ్ అనే జీవశాస్త్రం చదివిన యువకుడు పనామా జెండా ఉన్న ఒక ట్యూనా ఓడలో పనివాడిగా చేరి, చిన్న వీడియో కెమెరాతో అక్కడ జరిగేదంతా తీశాడు. 1988లో అది అమెరికా టెలివిజనులో వచ్చింది. లక్షలమంది ఇళ్లలో ఆ దృశ్యం చూశారు. 1990 ఏప్రిల్‌లో అక్కడి పెద్ద ట్యూనా డబ్బాల కంపెనీలు, డాల్ఫిన్లను చుట్టుముట్టి పట్టిన ట్యూనా కొనబోమని ప్రకటించాయి. అదే ఏడాది డబ్బామీద "డాల్ఫిన్లకు హాని లేనిది" అని ముద్రించడానికి నియమాలతో చట్టం వచ్చింది.

వీడియో జనాన్ని కదిలించింది, నిజమే. కాని ఏడాది తరువాత ఏడాది ఆ అంకెను దించుకుంటూ వచ్చింది మాత్రం ఫారాలు నింపే పరిశీలకులే. 1992లో కాలిఫోర్నియాలోని లా హోయాలో ట్యూనా పట్టే దేశాలన్నీ ఒక ఒప్పందానికి వచ్చాయి. పెద్ద ఓడలన్నిటిమీదా, ప్రతి ప్రయాణంలోనూ పరిశీలకుడు ఉండాలి. ఓడ ఓడకూ ఏడాదికి ఇన్ని అని పరిమితి. మనకు బడ్జెటు కేటాయింపు ఉన్నట్టే అన్నమాట. కేటాయింపు అయిపోతే ఆ ఓడ ఇక ఆ ఏడాది డాల్ఫిన్ల మీద వల వేయకూడదు. ఒక కెప్టెను నిర్లక్ష్యం చేస్తే నష్టం అతని ఓడకే. 1992లో 15 వేలకు పైగా ఉన్న చావులు 1993లో నాలుగు వేల లోపుకు వచ్చాయి. 1999లో అమలులోకి వచ్చిన అంతర్జాతీయ ఒప్పందం మొత్తం పరిమితిని 5,000 చేసింది. ఆ తరువాత నమోదయిన చావులు దానికి చాలా తక్కువగానే ఉంటూ వచ్చాయి.

ఇక్కడితో కథ సుఖాంతమని రాస్తే అది కూడా తప్పుడు లెక్కే అవుతుంది. చావులు ఇంతగా తగ్గినా ఆ డాల్ఫిన్ల గుంపులు అనుకున్న వేగంతో పెరగలేదని 2000 ప్రాంతంలో అమెరికా శాస్త్రజ్ఞులు గమనించారు. కారణం వెదుకుతూ, 1970లు, 80లలో పరిశీలకులు రాసిన పాత రికార్డులు తీశారు. వలలో చచ్చిన పాలిచ్చే తల్లులలో ఎక్కువ వాటి పక్కన పిల్ల లేదు. తరిమే హడావుడిలో తల్లినుంచి విడిపోయిన పిల్లలు ఎక్కడో ఒంటరిగా చచ్చి ఉండవచ్చని వారి ఊహ. అవి వలలో పడలేదు కనుక ఏ లెక్కలోనూ లేవు.

ఈ సంగతి చదివిన రోజు నాకు 1983 నాటి రేవు గుర్తుకు వచ్చింది. పసిఫిక్‌లో పనిచేసిన పరిశీలకులు తల్లి పాలిచ్చేదా కాదా అన్నది కూడా రాసిపెట్టారు గనుకనే, ఇన్నేళ్ల తరువాత లేని పిల్లల లెక్క బయటపడింది. మా పడవ తాత నాకు తల్లీ, పిల్లా అని విడమరిచి మరీ చెప్పాడు. నేను రెండింటినీ ఒక్క గీతతో కొట్టేశాను.

గాలాలకు చిక్కిన పక్షులు

డాల్ఫిన్ల సంగతి ఇలా ఉండగా, దక్షిణ సముద్రాలలో మరో రకం చావు జరుగుతోంది. అక్కడ ఆల్బట్రాస్ అనే పక్షులుంటాయి. వాటిలో పెద్ద జాతి రెక్కలు చాస్తే మూడు మీటర్లు దాటుతుంది. యాభై ఏళ్లు దాటి బతికే పక్షులున్నాయి. అయితే అది రెండేళ్లకు ఒక్క గుడ్డే పెడుతుంది. పిల్ల ఎగరడానికి దాదాపు ఏడాది పడుతుంది. తల్లీ తండ్రీ వంతులవారీగా వేల కిలోమీటర్లు వెళ్లి మేత తెస్తాయి. ఇద్దరిలో ఒకరు తిరిగి రాకపోతే గూటిలో పిల్ల కూడా చస్తుంది.

దక్షిణ అట్లాంటిక్‌లోని సౌత్ జార్జియా దీవిలో గూళ్లు లెక్కపెట్టే బ్రిటిష్ శాస్త్రజ్ఞులకు 1960ల నుంచీ ఈ పక్షులు తగ్గుతూ వస్తున్నట్టు కనిపించింది. దీవిలో ఏ మార్పూ లేదు. పక్షులు సముద్రం మీదికి వెళ్లి తిరిగి రావడం లేదు. ఎక్కడ పోతున్నాయి?

జవాబు ట్యూనా గాలాల ఓడల వెనక దొరికింది. ఈ ఓడలు కొన్ని పదుల కిలోమీటర్ల తాడుకు వేల గాలాలు కట్టి, ఎర గుచ్చి, ఓడ నడుస్తుండగా వెనకనుంచి వదులుతాయి. ఎర మునిగేలోగా పక్షి వచ్చి అందుకుంటుంది. గాలం గొంతులో దిగి, తాడు బరువుతో నీటి అడుగుకు పోతుంది. గంటల తరువాత తాడు లాగినప్పుడు తడిసిన కళేబరం పైకి వస్తుంది. చాలాసార్లు అదీ జారిపోతుంది. ఆస్ట్రేలియాలోని టాస్మానియాకు చెందిన నైజెల్ బ్రదర్స్ అనే ఉద్యోగి 1988లో అక్కడి జపాను ఓడలు ఎక్కి, ఎన్ని పక్షులు ఎరకు దూకుతున్నాయో, ఎన్ని చిక్కుతున్నాయో లెక్కపెట్టాడు. దక్షిణ సముద్రాలలో జపాను ట్యూనా ఓడల వల్ల ఏడాదికి సుమారు 44,000 ఆల్బట్రాస్‌లు చస్తున్నాయని 1991లో ప్రకటించాడు. ప్రపంచం ఉలిక్కిపడింది.

ఆ రాతలో నాకు నచ్చిన సంగతి మరొకటుంది. పక్షులు తినేసిన ఎరల వల్ల ఓడవాళ్లకు ఎంత నష్టమో కూడా ఆయన లెక్కవేసి చూపాడు. ఎర లేని గాలానికి చేప పడదు కదా. పక్షిని కాపాడితే జాలరికీ లాభమే అన్నమాట. ఉపాయం కూడా ఆయనకు ఆ ఓడల మీదే కనబడింది. జపాను జాలర్లు ఓడ వెనక ఎత్తయిన కర్రకు పొడవాటి తాడు కట్టి, దానికి రంగు పీలికలు వేలాడదీసి, పక్షులను బెదరగొట్టేవారు. చేలో దిష్టిబొమ్మ వంటిదే. వాళ్ల భాషలో తోరి అంటే పక్షి. అందుకే దానికి తోరి తాడు అన్న పేరు వచ్చింది.

అంటార్కిటికా సముద్ర జీవసంపద పరిరక్షణ కమిషన్ తన పరిధిలోని ఓడలకు ఆ తాడును 1991లో తప్పనిసరి చేసింది. మరుసటి ఏడాది అంతర్జాతీయ పరిశీలకుల పథకాన్ని ఆమోదించింది. రాత్రిపూటే గాలాలు వేయడం, తాళ్లకు బరువులు కట్టడం, పక్షులు పిల్లలను పెంచే కాలంలో వేట ఆపడం క్రమంగా వచ్చాయి. సౌత్ జార్జియా చుట్టూ 1997లో ఐదు వేలకు పైగా పక్షులు చచ్చాయని అంచనా కాగా, మూడు నాలుగేళ్లలో ఆ సంఖ్య పదులకు దిగింది. ఇలా తగ్గిందని చెప్పగలగడానికి ప్రతి ఓడమీదా లెక్కపెట్టే మనిషి ఉండటమే కారణం. అనుమతి లేకుండా దొంగతనంగా వేటాడే ఓడల మీద ఎవరూ లేరు. వాటి వెనక ఎన్ని చచ్చాయో అంచనాలే తప్ప లెక్క లేదు.

దక్షిణాఫ్రికాలో మరొకటి తేలింది. ట్రాల్ వల లాగే ఇనుప తాళ్లు ఓడ వెనక గాలిలో ఊగుతూ ఉంటాయి. చేప వ్యర్థాల కోసం మూగే పక్షుల రెక్కలకు అవి తగిలి, పక్షులు నీళ్లలో మునిగిపోతాయి. కళేబరాలలో చాలా మటుకు ఓడమీదికి రావు. డెక్కు మీదికి వచ్చినవే లెక్కపెట్టినంతకాలం అక్కడ పక్షులు చావడం లేదనే అందరూ అనుకున్నారు. 2004 ప్రాంతంలో పరిశీలకులు ఓడ వెనక నిలబడి తాళ్లవైపే చూస్తూ లెక్కపెట్టేసరికి వేల సంఖ్యలో చావులు తేలాయి. 2006 నుంచి ఆ ఓడలకూ పీలికల తాడు తప్పనిసరి అయింది. ఆల్బట్రాస్ చావులు నూటికి తొంభైకి పైగా తగ్గాయి. ఎక్కడ నిలబడి చూస్తున్నామన్నది కూడా లెక్కలో భాగమే.

రాసేవాడి కష్టం

పరిశీలకుడి బతుకు తేలిక కాదు. చిన్న గది, పెద్ద అలలు, భాష రాని తోటివారు. ఒకచోట లంచం ఆశ, మరోచోట బెదిరింపు. 2015లో పసిఫిక్‌లో ఒక అమెరికా పరిశీలకుడు ఓడమీది నుంచి అదృశ్యమయ్యాడు. 2020లో కిరిబాతి దేశపు పరిశీలకుడు ఒకరు ట్యూనా ఓడలో విధి నిర్వహణలోనే మరణించారు. ఇంట్లో భార్యాబిడ్డలున్న చిరుద్యోగులే వారూను. సంచికలో మన స్వర్గస్థులైన సభ్యులను తలుచుకునే చోట వీరినీ ఒకసారి తలుచుకోవడం తప్పు కాదనుకుంటాను.

ఈమధ్య మనిషికి బదులు కెమెరాలు కూడా పెడుతున్నారు. న్యూజీలండ్‌లో తీరపు ఓడలకు కెమెరాలు బిగించిన తరువాత, డాల్ఫిన్లు, ఆల్బట్రాస్‌లు చిక్కాయన్న నివేదికలు ఒక్కసారిగా కొన్ని రెట్లు పెరిగాయి. కెమెరా పెట్టినంత మాత్రాన సముద్రంలో చావులు పెరగవు కదా. అంతకుముందు రాయనివి రాశారు, అంతే.

మరి జాలరి ఎందుకు రాయడు? భయం. రాస్తే కేసవుతుందేమో, లైసెన్సు పోతుందేమో. అమెరికా చట్టానికి 1994లో చేసిన సవరణలు దీనికి ఒక దారి చూపాయి. పేరు నమోదు చేసుకున్న జాలరి వలలో అనుకోకుండా జంతువు పడితే, అది నేరం కాదు. కాని ప్రయాణం ముగిసిన 48 గంటలలోగా తెలియజేయాలి. నిజం చెప్పినవాడిని దోషిగా నిలబెడితే మరునాటి నుంచి ఎవరూ నిజం చెప్పరు. ఆడిట్ చూసిన మనకందరికీ ఇది అనుభవమే.

మన తీరం సంగతి

మన దేశంలో డాల్ఫిన్లు, తిమింగలాలు వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షిత జంతువులు. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థవారు తీరానికి కొట్టుకువచ్చిన వాటిని గురించి, వలలో పడినవాటిని గురించి ఎన్నో ఏళ్లుగా తమ ప్రచురణల్లో రాస్తున్నారు. 2003 నుంచి 2007 వరకు సాగర్ సంపద అనే పరిశోధన నౌక మీద శాస్త్రజ్ఞులు ప్రయాణించి, మన సముద్ర పరిధిలో ఏ జాతులు ఎక్కడ కనిపిస్తున్నాయో రాశారు. తమ చట్టానికి సమానమైన జాగ్రత్తలు లేని దేశాల నుంచి చేపలు కొనబోమని అమెరికా 2016లో నియమం చేశాక, మన దగ్గర కూడా ఈ లెక్కల పని ఊపందుకుంది.

2009లో ఒక విశ్వవిద్యాలయం నుంచి పరిశోధన చేసే అమ్మాయి మా ఆఫీసుకు వచ్చింది. 1980లలో మన తీరంలో వలలకు చిక్కి ఎన్ని డాల్ఫిన్లు చచ్చాయో పాత రిజిస్టర్లలో చూసుకుంటానంది. దుమ్ము దులిపి కట్టలన్నీ విప్పి ఇచ్చాను. మూడు రోజులు కూర్చుంది. మూడో రోజు సాయంత్రం, "అన్నిచోట్లా సున్నాలే ఉన్నాయండీ. అప్పట్లో మన దగ్గర చిక్కేవే కావేమో" అంది.

అప్పుడు నేను ఉన్న సంగతంతా చెప్పాను. ఆ సున్నాలు సున్నాలు కావమ్మా, నేను పెట్టిన గీతలు అని. ఆమె నన్ను తప్పుపట్టలేదు. కాగితం తీసి, "సుమారుగా ఏడాదికి ఎన్ని ఉండేవో మీ గుర్తు మీద చెప్పండి, రాసుకుంటాను" అంది. చాలాసేపు ఆలోచించాను. ఒక అంకె చెప్పేస్తే నా మనసు తేలికపడేది. కాని రాయనందుకు చేసిన తప్పును ఊహించి రాయడంతో దిద్దగలనా? "నాకు రూఢిగా తెలిసినవి రెండు. 1983లో, ఒక తల్లి, ఒక పిల్ల. మిగతావి విన్నాను గాని లెక్క చెప్పలేను. సున్నా అని మాత్రం రాయకు, తెలియదు అని రాయి" అన్నాను. ఆమె అలాగే రాసుకుంది.

ఆ మర్నాడు మా విభాగంలో చేరిన కొత్త కుర్రవాణ్ణి పిలిచి, ఫారంలో కాలమ్ లేకపోయినా వ్యాఖ్యల గడిలో రాయమని, ఎవరైనా ప్రశ్నిస్తే నా పేరు చెప్పమని అన్నాను. రిటైరవడానికి రెండేళ్ల ముందు ఆ పాటి ధైర్యం చేయడం పెద్ద గొప్పేమీ కాదు. 1983లో చేసి ఉండవలసింది.

మిత్రులారా, మనందరి ఇళ్లలో పాత డైరీలుంటాయి. ఏ ఊళ్లో ఏ చెరువు ఎప్పుడు పూడిపోయిందో, ఏ వరదకు ఏ వీధి మునిగిందో, ఏ ఏడు ఏ జబ్బుకు ఎందరు పోయారో, ఫారంలో కాలమ్ లేక వదిలేసిన సంగతులు మనకు తెలుసు. మనం పోతే అవి సున్నాలయిపోతాయి. తెలిసినది తెలిసినంత మటుకు, తేదీ వేసి, రాసి ఇంట్లో పిల్లలకు ఇవ్వండి. తెలియనిచోట తెలియదు అని రాయండి. ఆ కాగితం ఎవరికి పనికివస్తుందో మనం చెప్పలేం.